ఇరవై సీసాల పుణ్యం

సంక్రాంతి సెలవులకు రాజాం వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నా కళ్ళ ముందే ఒక ఊరిని పేల్చివేశాడు.

చదువరులు కంగారు పడనక్కర లేదు. ఆ ఊరు భూమి మీద లేదు. 2008లో విడుదలైన ఫాలౌట్ 3 అనే కంప్యూటరు ఆటలో ఉంది. పేరు మెగాటన్. అణుయుద్ధం ముగిసిన రెండు వందల ఏళ్ళకు, పేలకుండా మిగిలిపోయిన ఒక బాంబు చుట్టూ దిక్కులేని జనం పాత రేకులతో కట్టుకున్న ఊరది. ఆ బాంబును నిర్వీర్యం చేసి ఊరిని కాపాడవచ్చు. లేదా దూరాన ఎత్తైన భవంతిలో కాపురముండే ఒక ధనికుని ముచ్చట తీర్చడానికి దాన్ని పేల్చనూవచ్చు. కాపాడినవాడికి ఆ ఊళ్ళో ఇల్లు దక్కుతుంది, పేల్చినవాడికి ఆ భవంతిలో గది దక్కుతుంది. మావాడు గది కోరుకున్నాడు. మీట నొక్కి, దిగంతాన లేచిన వెలుగును తీరిగ్గా చూశాడు. కర్మ తగ్గిందని తెర మీద ఒక మాట మెరిసి మాయమైంది.

"అదేట్రా, అంతమందిని చంపేశావు!" అన్నాను.

"ఏటి కాదు మావయ్యా. ఇరవై సీసాల నీళ్ళిచ్చేస్తే సరిపోద్ది" అన్నాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

వాడి లెక్క తప్పు కాదు. ఊరిని పేల్చినందుకు ఆట వెయ్యి కర్మ పాయింట్లు కోస్తుంది. రివెట్ సిటీ అనే మరో చోట గుమ్మం బయట కూర్చున్న బిచ్చగాడికి ఒక సీసా మంచినీళ్ళు ఇస్తే 50 పాయింట్లు కలుపుతుంది. వెయ్యిని యాభైతో భాగిస్తే ఇరవై. మా మేనల్లుడు క్రూరుడు కాడు, లెక్కలు వచ్చిన కుర్రవాడు. నా తగవు వాడితో కాదు. ఒక ఊరి ప్రాణాలనూ ఇరవై సీసాల నీళ్ళనూ ఒకే త్రాసులో తూచి, సరిపోయాయని తీర్పు చెప్పిన ఆ పద్ధతితో. పైపెచ్చు ఆ పద్ధతికి మన కర్మ అనే మాటనే అరువు తెచ్చుకున్నారు. అరువు తెచ్చుకున్న పాత్రను కడిగి తిరిగివ్వడం మర్యాద.

*

ఆటల సంగతి తెలియని మిత్రుల కోసం కొంత పూర్వకథ. ఆడేవాడు ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకుంటూ కథను నడిపే ఆటలను రోల్ ప్లేయింగ్ గేములంటారు. పాత్రధారణ క్రీడలు అందాం. వీటికి ఆదిగ్రంథం 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దీనికి కంప్యూటరు అక్కరలేదు, కాగితం, పెన్సిలు, పాచికలు, ఒక బల్ల చాలు. ఆ ఆటలో ప్రతి పాత్రా నియమం, తటస్థం, అరాచకం అనే మూడు పక్షాల్లో ఏదో ఒకదానికి చెందాలి. 1978 నాటి గ్రంథంలో దీనికి మంచి, తటస్థం, చెడు అనే మరో వరుసను జోడించి, మూడు మూళ్ళు తొమ్మిది గళ్ళ పటం గీశారు. నీతిమంతుడైన యోధుడు ఒక గడి, విచ్చలవిడి దుర్మార్గుడు దానికి ఎదురు మూల గడి. దీన్నే ఎలైన్‌మెంట్ అన్నారు. ఈ టపా వరకూ నేను దాన్ని శీలపట్టిక అని పిలుస్తాను.

బల్ల మీద ఆడినంత కాలం శీలపట్టిక వల్ల పెద్ద ప్రమాదం లేకపోయింది. కారణం, బల్లకు అవతలి వైపు ఆటను నడిపే మనిషి ఒకడు ఉండేవాడు. "నీవు చేసినది నీచం, నీ గడి మారుస్తున్నాను" అని అతడంటే, "కాదు మహాప్రభో, నా ఉద్దేశం ఇది" అని వాదించే అవకాశం ఆటగాడికి ఉండేది. ఒక్కొక్కప్పుడు ఆట ఆగిపోయి వాదం తెల్లవార్లూ సాగేది. ఆ వాదమే అసలైన ఆట అనేవాళ్ళూ ఉన్నారు. శీలపట్టిక కంప్యూటరులోకి వచ్చాక ఆ మనిషి తప్పుకున్నాడు, పట్టిక మాత్రం మిగిలింది. అతడి ఊహ తీర్పుగా మారింది, ఆ తీర్పుకు అప్పీలు లేదు.

అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు కాబట్టి ఒక మంచి మాట కూడా చెప్పాలి. 1985లో రిచర్డ్ గారియట్ రూపొందించిన అల్టిమా 4లో చంపవలసిన విలన్ లేడు. ఎనిమిది సద్గుణాలను సాధించడమే ఆట లక్ష్యం. అందులో మూలికలు అమ్మే ఒక అంధురాలు ఉంటుంది. ఎంత ఇచ్చామో ఆమె చూడలేదు. మోసం చేసి తక్కువ నాణేలు ఇచ్చినా ఆమె వందనం చేసి పంపుతుంది, తెర మీద ఏ హెచ్చరికా మెరవదు. చాలాకాలం తరువాత, కోటలో ఉండే ఒక జ్ఞాని దగ్గరకు వెళ్ళి మన నడవడి ఎలా ఉందని అడిగినప్పుడు గానీ ఆ మోసం మనల్ని పట్టుకోదు. లెక్క ఉంది, కానీ కంటికి కనబడదు. చిత్రగుప్తుడి చిట్టా కూడా అంతే కదా! అది తెరుచుకునేది పోయాకనే. పగలు చేసిన పాపానికి సాయంత్రం చిట్టా తెరిచి చూసుకుని, రాత్రికి ఎన్ని రూపాయల దానం చేస్తే నిల్వ సరిపోతుందో తేల్చుకునే సౌకర్యం మన పూర్వులు మనకు కల్పించలేదు. ఆ సౌకర్యం కల్పించినవి తరువాత వచ్చిన ఆటలు.

*

నా మొదటి అభియోగం ఇదే. కంటికి కనబడే పుణ్యం పుణ్యం కాదు, ధరల పట్టిక.

1998లో వచ్చిన బాల్డర్స్ గేట్‌లో పేరుప్రతిష్ఠలకు 1 నుంచి 20 వరకు ఒక కొలత ఉంది. పేరు పోగొట్టుకున్నవాడు గుడికి వెళ్ళి తగినంత బంగారం సమర్పిస్తే పేరు తిరిగి వస్తుంది. పేరు బాగా ఉంటే దుకాణంలో సరుకుల ధర తగ్గుతుంది. అంటే పుణ్యానికి పెట్టిన పెట్టుబడి కత్తులు కొన్నప్పుడు తిరిగి వస్తుందన్నమాట! 2004 నాటి ఫేబుల్‌లో చెడ్డవాడికి నెత్తిన కొమ్ములు మొలుస్తాయి, మంచివాడి తల చుట్టూ దేవతల పటాల్లో మాదిరి కాంతివలయం వెలుస్తుంది. 2008లో వచ్చిన దాని రెండో భాగంలో సోయాపెరుగు ముక్క తింటే పవిత్రత పెరుగుతుంది, మాంసం తింటే తగ్గుతుంది. ఎండుచేపల కూర లేనిదే ముద్ద దిగని మా ఉత్తరాంధ్ర జనమంతా ఆ లెక్కన పుట్టుకతోనే కొమ్ములున్నవాళ్ళం.

"మన వైకుంఠపాళి మాత్రం ఏమిటి? అదీ పుణ్యపాపాల ఆటేగా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జాగరం రాత్రుల్లో నిద్ర ఆపుకోవడానికి మా ఇంటి వసారాలో పరిచిన పరమపదసోపానపటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. నిచ్చెనలకు భక్తి, వైరాగ్యం వంటి పేర్లు, పాములకు రాక్షసుల పేర్లు. మోక్షానికి నాలుగు గళ్ళ దూరంలో పెద్దపాము నోట పడి అట్టడుగుకు జారిన ఏడుపు మనలో ఎవరు ఏడవలేదు! అయితే ఒక ముఖ్యమైన భేదం గమనించండి. వైకుంఠపాళిలో ఎవ్వరూ ఏదీ ఎంచుకోరు. గవ్వలు పడినట్టు కాయ నడుస్తుంది. నిచ్చెన ఎక్కినవాణ్ణి ఆ పటం "నీవు భక్తుడివి" అని పొగడదు, పాము మింగినవాణ్ణి "నీవు రాక్షసుడివి" అని తిట్టదు. మనిషికి పట్టు చిక్కని దానిని పట్టు చిక్కనిదిగానే చూపించే నిజాయితీ దానికి ఉంది. కంప్యూటరు ఆట అలా కాదు. నిర్ణయం నీదే అని ఊరిస్తుంది, నిర్ణయం పక్కనే ధర రాసిపెడుతుంది. ధర తెలిసి చేసినది నిర్ణయం కాదు, బేరం.

*

రెండో అభియోగం. శీలపట్టిక మనిషిని ఆలోచించనీయదు.

2003లో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌లో వెలుగు పక్షం, చీకటి పక్షం అని రెండు కొసలున్నాయి. ఏదో ఒక కొసకు పూర్తిగా చేరినవాడికి ప్రత్యేక శక్తులు, మధ్యలో ఉన్నవాడికి ఏమీ లేదు. 2007లో మొదలైన మాస్ ఎఫెక్ట్ వరుసలో మంచికీ కరకుతనానికీ వేర్వేరు కొలతలు పెట్టారు. చూడటానికి ఇది మెరుగుగానే కనిపిస్తుంది. కానీ 2010లో వచ్చిన రెండో భాగంలో, ఓడలోని ఇద్దరు సహచరులు తగవులాడుకున్నప్పుడు ఇద్దరికీ నచ్చజెప్పే మాట మన నోట రావాలంటే, అంతకు ముందే ఏదో ఒక వైపు చాలినన్ని పాయింట్లు కూడబెట్టి ఉండాలి. ఒకసారి దయగా, ఒకసారి కఠినంగా, సందర్భాన్ని బట్టి నడుచుకున్న వివేకి అక్కడ నోరు మెదపలేడు.

దీని ఫలితం ఆడినవారందరికీ అనుభవమే. మొదటి గంటలోనే "ఈసారి మంచివాడిగా ఆడతాను" అని ఒక్క నిర్ణయం తీసుకుంటాం. ఆ తరువాత నలభై గంటల పాటు ఏ నిర్ణయమూ తీసుకోము. ఎదుటి పాత్ర ఏడుస్తూ చెప్పేది చదవనక్కర లేదు. మంచి జవాబు పైన ఉంటుంది, కరకు జవాబు కింద ఉంటుంది, వేలు దానంతట అది పైకి పోతుంది. నీతిని నేర్పడానికి పెట్టిన పట్టిక ముందుగా చంపేది నీతికి ప్రాణమైన సందిగ్ధాన్నే. ధర్మసందేహం అన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. ధర్మం ఉన్నచోట సందేహం ఉంటుంది. సందేహం లేనిచోట ఉండేది అలవాటు.

*

మూడో అభియోగం అన్నింటికన్నా పెద్దది. తీర్పు చెప్పే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

ఫాలౌట్ 3లోనే ఇంకొక ఘట్టం ఉంది. నేను పైన చెప్పిన ధనికుల భవంతి బయట, రేడియేషను వల్ల రూపం చెడిన అభాగ్యులు కొందరు లోపలికి రానివ్వమని వేడుకుంటూ ఉంటారు. ధనికులకు నచ్చజెప్పి, రెండు వర్గాలూ కలిసి బ్రతికేలా చేస్తే ఆట మెచ్చుకుంటుంది. కొన్నాళ్ళకు తిరిగి వెళితే, లోపలికి వచ్చినవాళ్ళ నాయకుడు పాత నివాసులందరినీ చంపించి ఉంటాడు. ఇంతవరకు గొప్ప కథ. మంచి ఉద్దేశానికి ఘోరమైన ఫలితం, ఆలోచించవలసిన విషయం. కానీ ఆ నెత్తురు చూసి మనస్సు రగిలి ఆ నాయకుణ్ణి చంపితే, ఆట మన కర్మ తగ్గిస్తుంది! ఎందుకని? అతడి పేరు పక్కన మంచివాడు అని ఎవరో ముందే రాసి ఉంచారు కనుక. అతడు తరువాత ఏమి చేశాడో పట్టికకు అక్కర లేదు.

ఇది చదివి నవ్వుకోకండి. ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఒకటి మా ఊళ్ళోనే ఉంది. ప్రపంచంలోని శీలపట్టికలన్నిటినీ నేను రాజాం తీసుకువచ్చి ఈ పరీక్షకు నిలబెడతాను.

1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. నీళ్ళ తగాదాలూ, పక్కపక్క సంస్థానాల పాత పగలూ వెనుక ఉన్నాయి. ఫిరంగుల ముందు కోట నిలవదని తేలాక బొబ్బిలివారు లొంగలేదు. స్త్రీలూ పిల్లలూ శత్రువుకు చిక్కకూడదని తమ చేతులతోనే తమవారిని చంపుకున్నారు, ఇళ్ళకు నిప్పు పెట్టుకున్నారు, తరువాత యుద్ధంలో చచ్చిపోయారు. ప్రభువు రంగారావు పోయాడు. ఆ సమయానికి తాండ్ర పాపారాయుడు బొబ్బిలిలో లేడు. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, మా రాజాంలో ఉన్నాడు. అన్నీ ముగిశాక వార్త అందింది. మూడో రాత్రి శత్రుశిబిరంలో విజయరామరాజు నిద్రిస్తున్న డేరాలో కత్తి దిగింది. ఆ కత్తి పాపారాయుడిదని, పని ముగించి తానూ అక్కడే ప్రాణం విడిచాడని మా ప్రాంతపు కథ.

ఇప్పుడు చెప్పండి. నిద్రలో ఉన్నవాణ్ణి పొడవడానికి ఎన్ని పాయింట్లు? తగ్గించాలా, కలపాలా? తొమ్మిది గళ్ళలో పాపారాయుణ్ణి ఏ గడిలో కూర్చోబెడతారు? ప్రభువు ఋణం తీర్చుకున్నాడు కాబట్టి నియమబద్ధుడా? యుద్ధనీతిని మీరాడు కాబట్టి అరాచకుడా? రంగారావు మాటేమిటి? కన్నబిడ్డల ప్రాణాలు తీయించిన తండ్రిని ఏ గడి భరిస్తుంది?

మా ఇంట్లోనే ఈ తగవు తెగలేదు. తాతయ్య రాజాం మనిషి. అమ్మమ్మ పుట్టిల్లు విజయనగరం దగ్గర పల్లె. జంగం కథలు విని పెరిగిన తాతయ్య పాపారాయుడి పేరెత్తితే మీసం సవరించుకునేవాడు. అమ్మమ్మ వత్తులు చేసుకుంటూనే తల ఎత్తకుండా అనేది, "పడుకున్నోణ్ణి పొడిసినోడు ఈరుడేటి?" అని. "ఆడోళ్ళూ పిల్లలూ కాలిపోయినాక ఇంక యుద్దదర్మం ఏటి మిగిలిందే?" అనేవాడు తాతయ్య. నలభై ఏళ్ళ కాపురంలో ఈ వాదం ఎన్నిసార్లు జరిగిందో! ఎవరూ గెలవలేదు. ఎవరూ ఎదుటివారిని చెడ్డవాళ్ళు అనుకోలేదు. ఇద్దరి మధ్యా కూర్చుని విన్న నాకు మాత్రం ఒక్కటి అర్థమైంది. కొన్ని పనులకు పేరు పెట్టడం సులువు, వెల కట్టడం అసాధ్యం.

నిద్రించేవారిని చంపిన మరొకడు మహాభారతంలో ఉన్నాడు. సౌప్తికపర్వంలో అశ్వత్థామ. అతడూ తండ్రి కోసం, ప్రభువు కోసం రగిలిపోయే చేశాడు. అతడిది శాపగ్రస్తమైన బ్రతుకైంది, పాపారాయుడిది వీరగాథ అయింది. నిద్రించేవాణ్ణి చంపితే ఇన్ని పాయింట్లు కోత అని ఒక్క వాక్యం రాసి కంప్యూటరుకు ఇచ్చిన క్షణంలో ఈ రెండు కథల మధ్య ఉన్న దూరమంతా మాయమవుతుంది. ఆ దూరంలోనే కదా మనం ఆలోచించవలసినదంతా ఉంది!

బొబ్బిలి కథలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించే మనిషి పాపారాయుడు కాదు, రంగారావూ కాదు. ఆ యుద్ధాన్ని రాసిన ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఒక వృద్ధుణ్ణి ప్రస్తావిస్తాడు. కోటలో అందరూ చచ్చిపోయాక ఆ వృద్ధుడు ఒక బాలుణ్ణి వెంటబెట్టుకు వచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఆ బిడ్డ రంగారావు కుమారుడు. తండ్రి తీర్పుకు విరుద్ధంగా ముసలివాడు అతణ్ణి దాచి బ్రతికించాడు. బొబ్బిలి వంశం ఆ బాలుడి వల్లనే నిలిచింది. ప్రభువు ఆజ్ఞ మీరాడు, కనుక నియమం తప్పినవాడు. బిడ్డను శత్రువు చేతికే ఇచ్చాడు, కనుక ద్రోహి. బిడ్డను బ్రతికించాడు, కనుక... ఆ పొగలో ఆ ముసలివాడి చేయి ఎంత వణికి ఉంటుందో ఊహించండి. ఆ క్షణాన అతడికి ఎదుట ఏ తెర మీదా +50 అని మెరవలేదు. మెరిసి ఉంటే అతడు చేసినది అంత గొప్ప పని అయ్యేదే కాదు.

*

ఇక ప్రతివాదుల మాటలు విందాం. వాటికి జవాబివ్వకుండా వదిలేయడం సభ్యత కాదు.

మొదటిది: "అంత ఆవేశం దేనికండీ, ఆటే కదా?" ఆటే. కానీ నీతి గురించి మాట్లాడతానని ముందుకు వచ్చినది ఆ ఆటే, నేను కాదు. చదరంగం మీద నాకు ఈ ఫిర్యాదు లేదు. బంటును బలి ఇచ్చినందుకు అది నన్ను మెచ్చుకోదు, నిందించదు.

రెండోది: "లెక్క లేకుండా కంప్యూటరుకు ఏమి తెలుస్తుంది?" నిజమే, అంకెలు తప్ప దానికి భాష లేదు. అయితే ఏమి చేశాడని లెక్కించడం వేరు, ఎటువంటివాడని లెక్కించడం వేరు. ఎవరికి ఏమి చేశామో గుర్తుంచుకుని, ఆ ఫలితాన్ని తరువాత మన ముందుకు తెచ్చి నిలబెట్టడం ఆటకు చేతనైన పని. 2007 నాటి ది విచర్ అదే చేసింది. రాత్రి నది ఒడ్డున కొందరు తిరుగుబాటుదారులను సరుకు తీసుకుపోనిస్తే, చాలాసేపటికి మరొకచోట ఒక మనిషి శవమై కనిపిస్తాడు. ఏ పాయింటూ తగ్గదు, మనస్సు మాత్రం తగ్గుతుంది. 2004లో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ రెండో భాగంలో బిచ్చగాడికి డబ్బిచ్చినా కీడే జరుగుతుంది, ఇవ్వకపోయినా కీడే జరుగుతుంది. రెండు విధాలా ఒక వృద్ధ గురువు మనల్ని ఆ పనికి అర్థం అడుగుతుంది. పట్టిక ఆ ఆటలోనూ ఉంది, కానీ ఆ ప్రశ్న ముందు అది చిన్నబోతుంది. 1999 నాటి ప్లేన్‌స్కేప్ టార్మెంట్ మనిషిని తటస్థంగా మొదలుపెట్టి, అతడి మాటల్ని బట్టి, పనుల్ని బట్టి పట్టికను మారుస్తుంది. మనిషి ముందు, గడి తరువాత.

2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగస్ ఇంకొక మంచి పని చేసింది. కర్మను నామమాత్రంగా ఉంచి, ఒక్కొక్క వర్గం మనల్ని ఏమనుకుంటుందో వేరువేరుగా లెక్కించింది. ఇది మా ప్రాంతం వారికి వెంటనే అర్థమవుతుంది. పాపారాయుడికి బొబ్బిలిలో ఒక పేరు, విజయనగరంలో ఒక పేరు. అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో మా రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. పాపారాయుడి రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది! పక్షం మారడానికి మాకు ఏ పాయింట్లూ అక్కరలేకపోయింది, ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు చాలింది. ఊరి మనస్సు మాత్రం మారలేదు.

మూడోది: "చచ్చిన పాముని కొడుతున్నారు. శీలపట్టికల కాలం ఎప్పుడో పోయింది" అని. కొంత నిజమే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో కూర్పులో పట్టికను పేరుకే మిగిల్చింది. 2015 నాటి ఫాలౌట్ 4లో కర్మ లేదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో మన పాత్రకు శీలం గడి లేదు. సంతోషం. కానీ పాము చావలేదు, కుబుసం విడిచింది. ఇప్పుడు మనం ఏ పని చేసినా ఫలానా సహచరుడికి నచ్చింది, ఫలానా ఆమెకు నచ్చలేదు అని తెర మూలన మాట మెరుస్తుంది. దేవుడి మెప్పు పోయి స్నేహితుల మెప్పు వచ్చింది. పని చేసిన మరుక్షణం దాని విలువ ఎవరో ఒకరు చెప్పాలనే అలవాటు మాత్రం పోలేదు.

*

మన భారతంలోనూ ఒక కొలత ఉంది సుమా. ధర్మరాజు రథం నేలకు నాలుగు అంగుళాలు పైన నడిచేది. ద్రోణుడి ఎదుట అశ్వత్థామ విషయంలో అసత్యం పలికిన నాడు ఆ రథం నేలను తాకింది. ప్రపంచంలోని శీలపట్టికలన్నిటికీ ముందరిది బహుశా అదే. కానీ ఆ రథాన్ని మళ్ళీ పైకి లేపాలంటే ఎన్ని గోదానాలు చేయాలో వ్యాసుడు పట్టిక ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ధర్మరాజు కథ అక్కడితో ముగిసేది.

అదే భారతంలో, కర్ణపర్వంలో, కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎన్నడూ అబద్ధమాడనని వ్రతం పట్టిన తాపసి అతడు. ప్రాణభయంతో దాక్కున్నవారి జాడ దొంగలు అడిగితే, వ్రతభంగం కాకూడదని నిజం చెప్పాడు. దొంగలు వాళ్ళను చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. పాయింట్ల లెక్కలో అతడికి ఒక్కటి కూడా తగ్గదు. సత్యం అనే కొలత నిండుగా ఉంది. ఆ కొలతను కాపాడుకోవడంలోనే మనుషులు కనిపించకుండా పోయారు. నా భయమంతా ఇదే. పట్టిక చూసుకుంటూ నడిచేవాడు ఎదుటి మనిషిని చూడడు.

మర్నాడు మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని బొబ్బిలి బయలుదేరాను, యుద్ధస్తంభం చూపిద్దామని. కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడితే ఒక ముసలామె వచ్చి దాహమంది. నేను జేబు తడుముకునే లోపునే వాడు తన నీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టేశాడు. క్షణం ఆలోచించలేదు. తరువాత నా వైపు తిరిగి నవ్వుతూ, "ప్లస్ యాభై" అన్నాడు. నేనూ నవ్వాను. బస్సు ఎక్కాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది. ఇచ్చినప్పుడు వాడికి లెక్క లేదు. ఇచ్చాక వచ్చి చేరింది. వాడు స్వతహాగా చేసిన ఒక మంచి పనిని, చేసిన మరుక్షణమే చిల్లరగా మార్చే విద్య ఆట వాడికి నేర్పింది.

స్తంభం దగ్గర కథంతా చెప్పాను. అందరిలాగే "పాపారాయుడు మంచోడా, చెడ్డోడా మావయ్యా?" అని అడిగాడు. తాతయ్య మాట చెప్పాను, అమ్మమ్మ మాట చెప్పాను. ముసలివాడి సంగతీ చెప్పాను. తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

రాత్రి మళ్ళీ ఆట తెరిచాడు. నేను ఏమీ అనలేదు. అన్నట్టే ఒక్కొక్క సీసా ఇచ్చుకుంటూ పోయాడు. ఇరవయ్యోది కూడా ఇచ్చాడు. లెక్క సరిపోయింది. తరువాత ఏమి తోచిందో, మెగాటన్ ఉన్న చోటికి నడిచి వెళ్ళాడు. బూడిద, విరిగిన రేకులు. కొంతసేపు అక్కడే నిలబడి,

"పాయింట్లొచ్చేసాయి మావయ్యా. ఊరు రాలేదు" అన్నాడు.

నేను ఇంత పొడుగు టపాలో చెప్పలేకపోయినది అదే.